మూడో అంతస్తులో కమ్మరి

మా భవనంలో మూడో అంతస్తు దుప్పట్లమ్మాయికి కంప్యూటర్లో ఎవడో తగులుకున్నాడనీ, రోజూ మధ్యాహ్నం మూడింటికి తలుపేసుకుని వాడితో కబుర్లు చెబుతుందనీ ఆ మధ్య ఒక పుకారు లేచింది. దానంతటది లేవలేదు. రెండో అంతస్తు టీచరమ్మ మెట్ల మీద లేపింది, నేను నీళ్ళ మోటారు దగ్గర దానికి కాళ్ళూ చేతులూ పెట్టాను. తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టి సరిచేసే పని కూడా నేనే నెత్తిన వేసుకున్నాను. ఇది చదివాక కూడా ఎవరైనా పాత మాటే మాట్లాడదలిస్తే నేరుగా మా గుమ్మంలోకి వచ్చి మాట్లాడాలి.

అమ్మాయి అన్నానని చిన్నపిల్ల అనుకోకండి. నలభై ఆరేళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని నేను ఆరుసార్లు అడిగాను, ఆరుసార్లూ నవ్వి ఊరుకుంది. పనిచేసేది ఒక పెద్ద హోటల్ లాండ్రీలో. తెల్లారి ఐదింటికి వెళ్ళి రెండింటికి వస్తుంది. నేల కింద గది, కిటికీ లేదు. ఉతికిన దుప్పట్లు ఒక వైపు నుంచి వేడి రోలర్లలోకి వెళ్ళి రెండో వైపు కాగుతూ బయటికొస్తాయి. అక్కడ నిలబడి మడత పెట్టాలి. అంచు పట్టు, రెండో అంచు పట్టు, మడువు, చరుచు. ఇవే నాలుగు కదలికలు, షిఫ్టుకి ఆరువందల దుప్పట్లు. వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయి, గేటు దగ్గర వేలిముద్ర పెట్టే మిషను ఆమెను గుర్తుపట్టడం మానేసింది. ఇప్పుడు ఆమె ఒక్కదాని కోసం అక్కడ సంతకాల పుస్తకం పెట్టారు. ఆ దుప్పట్ల వల్లే నేను ఆమెకి ఆ పేరు పెట్టాను, భవనమంతా అలాగే పిలుస్తుంది.

టీచరమ్మ విన్నదేమిటంటే, తలుపు వెనకాల నుంచి ఆమె గొంతు: "తోలు తెచ్చావా? నీకోసమే కడ్డీలు దాచి ఉంచాను. నువ్వు రాకపోతే ఇంకెవరికిస్తాను?"

ఈ మాటలు విన్నాక నాకు అన్నం సయించలేదు. ప్రేమలో తోలెందుకు, కడ్డీలెందుకు? బాల్కనీలో బట్టల క్లిప్పు ఒకటి పడుంటే అది పట్టుకుని పైకెక్కాను.

"మీ క్లిప్పు మా బాల్కనీలో పడిందమ్మా."

"నాది కాదు పిన్నీ. నావి చెక్కవి, ఇది ప్లాస్టిక్‌ది."

మర్నాడు అదే క్లిప్పు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను, మతిమరుపు నటిస్తూ. మూడో రోజు తలుపు బార్లా తెరిచింది.

"లోపలికి రండి పిన్నీ. పాపం ఆ క్లిప్పు కూడా మెట్లెక్కి అలిసిపోయింది."

ఒకే గది. మంచం, పొయ్యి, కిటికీ కింద బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు. దాని స్క్రీన్‌లో ఒక రేకుల కొట్టం, కొట్టంలో మండుతున్న కొలిమి, కొలిమి ముందు బొజ్జా గడ్డం ఉన్న మనిషి సుత్తితో ఏదో కొడుతున్నాడు.

"వీడేనా?" అన్నాను, గుట్టు దొరికినట్టు.

"వీడా? నేనే పిన్నీ."

"గడ్డం ఉంది కదే!"

"ఉంటే ఏమైంది? మధ్యాహ్నం పూట కాసేపు గడ్డం పెట్టుకుంటాను."

ఆ గడ్డపాయన తల మీద 'పాతసూది' అని రాసుంది. ఆటలో ఆమె పేరట. అలా మొదలైంది నా చదువు. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, యాభై ఏళ్ళ తర్వాత కమ్మరి పనిలో చేరాను. వంట కాగానే మధ్యాహ్నాలు ఆ మంచం మీద కూర్చోవడం అలవాటైంది. మా ఆయన, "నువ్వు కూడా ఆ ఆటలో చేరు, ఊళ్ళో అందరి సంచులూ వెతకొచ్చు" అన్నారు.

నాకర్థమైనంతవరకూ సంగతిది. ఆ ఆట వేలమంది ఎక్కడెక్కడో కూర్చుని ఒకేసారి ఆడతారు. ఎక్కువమంది జట్లుగా తిరుగుతూ మృగాల్ని చంపుతారు, కోటలు పట్టుకుంటారు. వాళ్ళ కత్తులూ డాళ్ళూ ఆకాశం నుంచి ఊడిపడవు. ఎవరో ఒకరు చేసిపెట్టాలి. ముందు కొండల్లో ముడిరాయి తవ్వాలి. మూడు రాళ్ళు కరిగిస్తే ఒక కడ్డీ. నాలుగు కడ్డీలు, ఒక తోలు పట్టీ, ఒక సీసా నూనె కలిస్తే మామూలు కత్తి ఒకటి. ఏ వస్తువు ఎలా చెయ్యాలో చీటీలుంటాయి. చీటీ చేతిలో ఉన్నా, చెయ్యి తిరగకపోతే ఆట ఒప్పుకోదు. మొదటి రోజు మేకులు మాత్రమే చెయ్యనిస్తుంది. రెండువందల మేకులయ్యాక తలుపు గొళ్ళాలు. మూడువందల గొళ్ళాలయ్యాక చేతి తొడుగులు. ఇలా పోగా పోగా ఎప్పటికో కత్తి.

"అన్ని మేకులేం చేశావే?"

"మళ్ళీ కరిగించాను."

"మరి చేసినట్టెందుకు?"

"చెయ్యి తిరగడానికి."

నాకు ఒళ్ళు మండింది. "పొద్దున్నించీ దుప్పట్లు మడిచొచ్చి మధ్యాహ్నం గొళ్ళాలు చేస్తావా? అలిసిపోయినవాళ్ళు నడుం వాలుస్తారు గానీ ఇంకో ఉద్యోగంలో చేరతారా ఎక్కడైనా?"

"ఇది కూర్చుని చేసేదే కదా పిన్నీ" అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా కాళ్ళు స్టూలు మీద చాపుకునే ఉంది. మడమలు వాచి ఉన్నాయి.

టైపు చేసే మాటలన్నీ పైకి చదువుకుంటూ టైపు చెయ్యడం ఆమె అలవాటు. టీచరమ్మ విన్నది అదే. జట్టులో మిగతావాళ్ళు మాత్రం టైపు చెయ్యరు, ఆడుతూ నోటితోనే మాట్లాడుకుంటారు, ఆ మాటలు ఈమె హెడ్‌ఫోన్లో వినిపిస్తాయి. ఈమె తన మైకు పాడైందని చెప్పి రెండేళ్ళుగా నెట్టుకొస్తోంది. మైకు బంగారంలా ఉంది, నేను ఊది చూశాను. ఆమె ఉలిక్కిపడి వైరు పీకేసింది.

ఎందుకు ఉలిక్కిపడిందో వారం తర్వాత తెలిసింది. ఆ రోజు హెడ్‌ఫోన్ ఒక చెవిది నాకిచ్చింది. నలుగురైదుగురు మగవాళ్ళ గోల. మధ్యలో ఎవరో దగ్గారు. పొడి దగ్గు, రెండు చిన్నవి, ఒక పెద్దది. కొలిమి దగ్గర గడ్డపాయన చేతిలో సుత్తి ఆగిపోయింది. నేను ఆమె మొహం చూశాను. అరవై నాలుగేళ్ళొచ్చాయి నాకు, ఆ చూపు మొగుణ్ణి చూసే చూపు కాదని తెలుసు, ప్రియుణ్ణి చూసేదీ కాదు.

"ఎవరే ఆ దగ్గేవాడు?"

"సిగరెట్లు మానలేదన్నమాట" అంది తనలో తను. తర్వాత, "మా అన్నయ్య" అంది.

నేను నాలుక కరుచుకున్నాను. నీళ్ళ మోటారు దగ్గర నేనన్న మాటలు ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

కథ నాలుగేళ్ళ కిందటిది. అన్నకి ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరడం, బస్ స్టేషన్‌లో కూర్చోవడం, ఐదున్నరకి ఇంటికి రావడం. రెండు నెలలు అలా గడిపాడు. ఈ సంగతి ఒక్క చెల్లెలికే చెప్పుకున్నాడు, ఈమె ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. ఒకరోజు వదిన ఫోన్ చేసి, "మీ అన్నయ్యకి ఆఫీసులో పని ఎక్కువైనట్టుంది, చిక్కిపోతున్నారు" అంటే, ఈమె "ఆఫీసెక్కడుంది వదినా" అనేసింది. అప్పుడే రెండు షిఫ్టులు వరసగా చేసొచ్చి, నిలబడే కళ్ళు మూసుకుని మాట్లాడుతోందట. మాట బయటికొచ్చాక గానీ ఏమన్నదో ఆమె చెవికే ఎక్కలేదు. ఆ సాయంత్రం అన్న ఇంటికెళ్ళి మీటింగ్ ఆలస్యమైందని చెబుతుంటే వదిన పిల్లల ముందే నిలదీసింది. అతను చెల్లెలికి ఫోన్ చేసి, "నీకు చెప్పుకున్నాను చూడు" అని ఒక్క మాటన్నాడు. అదే ఆఖరు. ఫోనెత్తడు, గుమ్మంలోకెళితే లోపల గదిలోకి వెళ్ళిపోతాడు.

ఈ ఆట వాళ్ళిద్దరూ అంతకుముందు నుంచీ ఆడేవాళ్ళే. అన్న యుద్ధాలు చేసేవాడు, చెల్లెలు వస్తువులు చేసేది. తగవయ్యాక అన్న ఆమెను ఆటలో తన స్నేహితుల జాబితాలోంచి, జట్టులోంచి తీసేశాడు. తొమ్మిదేళ్ళు చెయ్యి తిరిగిన పాత కమ్మరి ఒక్కసారిగా ఎందుకూ పనికిరాకుండా పోయింది. అప్పుడీమె ఏం చేసిందంటే, గడ్డం పెట్టుకుంది. వేరే పేరుతో కొత్త మనిషిగా చేరి, మళ్ళీ మొదటి మేకు నుంచి మొదలెట్టింది. రెండువందల మేకులు, మూడువందల గొళ్ళాలు. ఏడాది దాటాక గానీ ఆ జట్టువాళ్ళు పిలిచి చేర్చుకోలేదు. ఇంకో రెండు నెలలకి అన్న దగ్గర్నుంచి మొదటి పని వచ్చింది. ఇరవై బాణాలు. అతను ఆటలో తన చిన్ననాటి ముద్దుపేరే పెట్టుకున్నాడు, చింపిరి అని. వాళ్ళమ్మ పిలిచే పేరట.

ఇదంతా రాస్తానంటే ఆమె ఒప్పుకుంది. "రాసుకోండి పిన్నీ, మా అన్నయ్య కాగితం మీద అక్షరం చదవడు" అంది.

ఇక కత్తి సంగతి. కత్తి చెయ్యడంతో పని అయిపోదు, దాన్ని మెట్టుమెట్టుగా పెంచాలి. ప్రతి మెట్టుకీ మేలు రకం కడ్డీ ఒకటి పెట్టి సుత్తి కొట్టాలి. ఏడో మెట్టు దాకా భయం లేదు. ఆ పైన ప్రతి దెబ్బకీ కత్తి ముక్కలైపోయే ప్రమాదముంది. ముక్కలైతే తిరిగి అతకదు. దానికి విరుగుడుగా కాపురాయి అని ఒకటుంటుంది. కడ్డీతో పాటు అది కూడా పెట్టి కొడితే మెట్టు ఎక్కినా ఎక్కకపోయినా కత్తి మాత్రం విరగదు. ఆ రాయి దొరకడం మహా కష్టం. అన్న రెండు నెలలు తిరిగి ఒకటి సంపాదించి, తొమ్మిది మెట్లెక్కిన తన కత్తిని, ఆ రాయిని కలిపి పాతసూదికి పంపాడు. పదో మెట్టు ఎక్కించమని.

ఆ జట్టులో అంతకుముందు ఒక కమ్మరి ముగ్గురి వస్తువులతో ఉడాయించాడట. అప్పట్నించీ వాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. చేతికిచ్చిన వస్తువు పోగొట్టిన కమ్మరి జట్టులో ఉండకూడదు. జట్టులోంచి పోతే పని పోవడమొక్కటే కాదు, ఆ హెడ్‌ఫోన్లో ఆ గొంతు కూడా ఆగిపోతుంది. ఆమెకి అన్న గొంతు వినపడే చోటు ప్రపంచం మొత్తం మీద అదొక్కటే.

అది శనివారం. హోటల్లో ఏదో పెద్ద సమావేశం, గదులన్నీ నిండి, పన్నెండు రోజులుగా సెలవు లేకుండా పనిచేస్తోంది. "రేపు చెయ్యవే" అన్నాను. "సాయంత్రానికి కావాలన్నాడు పిన్నీ" అంది. నేను మంచం మీద కూర్చుని బఠాణీలు వలుస్తున్నాను. ముందు జట్టుకి నలభై తోలు పట్టీలు చేసింది. పట్టీకి మూడే క్లిక్కులు. తోలు పెట్టు, నూనె పెట్టు, సుత్తి కొట్టు. లాండ్రీలో దుప్పట్లు మడిచినట్టే, చూపు ఎక్కడో ఉంది, చెయ్యి దానంతటది పోతోంది. టక్, టక్, టక్. నలభై అయ్యాయి. తర్వాత కత్తి తీసింది. కత్తికి నాలుగు క్లిక్కులు. కత్తి పెట్టు, కడ్డీ పెట్టు, రాయి పెట్టు, సుత్తి కొట్టు.

టక్, టక్, టక్.

గాజు పగిలిన చప్పుడైంది. నేను బఠాణీల గిన్నె కింద పడిందేమోనని చూసుకున్నాను. గిన్నె ఒళ్ళోనే ఉంది. స్క్రీన్ మీద కత్తి ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. మౌసు మీద చెయ్యి అలాగే ఉంచి, "పిన్నీ, రాయి ఎక్కడుందో చూడండి" అంది.

"పక్క గడిలోనే ఉంది కదే, నీలంగా."

"అయితే నేను పెట్టలేదు."

నేను కంగారుగా పక్కన చేరాను. "రాయి పెట్టినా విరిగిందని చెప్పు."

"రాయి పెడితే విరగదు. వాళ్ళందరికీ తెలుసు."

"ఎవరో ఎత్తుకెళ్ళారని చెప్పు."

"ఆ సంచిలో నేను తప్ప ఎవరూ చెయ్యి పెట్టలేరు పిన్నీ."

"అయితే చెల్లెలినని చెప్పేసెయ్. నాలుగు తిట్టి ఊరుకుంటాడు. తోడబుట్టినవాడు, చంపుతాడా ఏంటి?"

ఆమె నావైపు చూసిన చూపుకి నేను మళ్ళీ బఠాణీల దగ్గరికి వెళ్ళిపోయాను. కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఎప్పటిలా పైకి చదువుకుంటూనే కొట్టింది, కానీ గొంతు బాగా లోపల్నుంచి వచ్చింది. "కత్తి పోయింది. తప్పు నాది. రాయి పెట్టకుండా సుత్తి కొట్టాను. రాయి వాడలేదు, తిరిగి పంపుతున్నాను." అంతే. పన్నెండు రోజుల సంగతి రాయలేదు, క్షమించమనీ రాయలేదు. రాయిని అన్నకి పంపేసి, కంప్యూటరు ఆపి, గోడవైపు తిరిగి పడుకుంది. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

ఆదివారం అన్న ఆటలోకి రాలేదు. సోమవారం రాలేదు. ఈమె లాండ్రీకి వెళ్ళొస్తోంది, చెప్పులిప్పి స్టూలు మీద కాళ్ళు పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటోంది. సుత్తి ముట్టుకోవడం లేదు. నా చెవిలోకి జట్టువాళ్ళ మాటలు వస్తున్నాయి. "పాతసూదిగాణ్ణి తీసేద్దాం", "ఎవడికో ఇచ్చేసుంటాడు", "మైకు లేదన్నప్పుడే నాకు డౌటొచ్చింది", "చింపిరన్న రానీ, ఆయన చెప్పాక చూద్దాం." నాకు చేతులు పిసుక్కోవడమే సరిపోయింది. మైకు గుచ్చి ఒక్కొక్కణ్ణీ కడిగేద్దామనుకున్నాను గానీ, ఈమె వైరు ముందే తీసి దిండు కింద దాచేసింది.

మంగళవారం నాలుగింటికి ఆ దగ్గు వినపడింది. రెండు చిన్నవి, ఒక పెద్దది. ఇద్దరం చెరో చెవీ పెట్టుకుని బిగుసుకుపోయాం.

"అన్నా, నీ కత్తి సంగతి తెలిసిందా?" అని ఒకడడిగాడు.

"తెలిసింది."

"మరి పాతసూదిని పంపించేద్దామా?"

"రాయి నాకు తిరిగొచ్చిందిరా. కత్తికన్నా రాయే దొరకదు. దొంగవాడైతే రాయెందుకు పంపుతాడు?"

"అయినా మనం పెట్టుకున్న రూలు ఉంది కదన్నా."

"కత్తి ఎవరిది? నాది. నా తంటాలు నేను పడతా, నువ్వు నీ డాలు చూసుకో." మళ్ళీ దగ్గు. "ఒరేయ్ పాతసూదీ, ఉన్నావా?"

ఆమె 'ఉన్నాను' అని కొట్టింది. ఈసారి పైకి చదవలేదు.

"నిద్రపోతూ చేశావా ఆ పని?"

కాసేపు వేళ్ళు అక్షరాల మీద ఊరికే తిరిగాయి. తర్వాత, 'పన్నెండు రోజుల నుంచి సెలవు లేదు' అని కొట్టింది.

అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.

"సెలవు లేనోడివి ఆ రోజే చెయ్యకపోతేనేంరా? రేపు చేస్తానని ఒక్క మాట అనలేకపోయావా?" అన్నాడు అన్న. కోప్పడినట్టు లేదు, విసుక్కున్నట్టుంది, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కున్నట్టు. "సరే, అయిందేదో అయింది. కొత్తది మొదలెడదాం. ముడిరాయి నేను తవ్వి పంపుతా, నువ్వు కరిగించు. మెట్టు మెట్టుకీ నన్నడిగి కొట్టు. ఈ వారం మాత్రం ఏం ముట్టుకోకు, పడుకో. సరేనా మరి?"

'సరే' అని కొట్టింది.

"మళ్ళీ తొమ్మిదో మెట్టుకి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందే?" అని నేను గుసగుసగా అడిగాను, మైకు లేదని మర్చిపోయి.

"ఐదు నెలలు. ఆరు పట్టినా పట్టొచ్చు."

జట్టు వెళ్ళిపోయింది. ఆమె హెడ్‌ఫోన్ తీసి, చెవులు రుద్దుకుని, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. టీ కాచి నాకో గ్లాసు ఇచ్చి, తను నేల మీద కూర్చుని మంచానికి చేరగిలబడింది. ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న ఇక నా కడుపులో ఆగలేదు.

"నేనొకటి సూటిగా అడుగుతాను, తప్పించుకోకుండా చెప్పు. ఇంత మంచిగా మాట్లాడాడు కదా వాడు. ఆ పాతసూదిని నేనే అన్నయ్యా అని ఒక్క మాట చెప్పాలని లేదా నీకు?"

గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తల మంచం అంచుకి ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"చెల్లెలైతే ముందు కూర్చుని మాట్లాడుకోవాలి పిన్నీ, ఎవరు ఎందుకు చెప్పారు, ఎవరికి ఎంత నొప్పయింది అని. కమ్మరికైతే పని చెబితే చాలు. నాకు పని చేసే ఓపిక ఉంది, మాట్లాడే ఓపిక ఇంకా రాలేదు."